మా బావమరిది నెత్తురు

ఇవాళ మధ్యాహ్నం శ్రీకాకుళంలో కరెంటు పోయింది. ఇందులో వింతేమీ లేదు. ఎండాకాలంలో కరెంటు ఉంటేనే మా వీధివాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. మా ఆవిడ మాత్రం భోజనం మధ్యలో లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడం చేత్తో ఫ్రిజ్ తలుపు గట్టిగా నొక్కి వచ్చి కూర్చుంది. లోపల ఉన్నది పెరుగు గిన్నె, కొత్తిమీర కట్ట, నిన్నటి గోంగూర. అవి పూటకే పాడయ్యేవి కావని ఆవిడకీ తెలుసు. అయినా కరెంటు పోతే ఆవిడ చెయ్యి అటే వెళ్తుంది. ఎందుకని నేను అడగను. ఆమదాలవలస స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైనవాణ్ణి. జవాబు ఎదురుగా బోర్డు మీద రాసున్నా అడిగేవాళ్లని ఉద్యోగమంతా చూశాను, ఈ వయసులో వాళ్ల వరసలో నిలబడదలుచుకోలేదు.

మా ఆవిడ సైంటిస్టు. ఈ సంగతి పెళ్లిచూపుల్లోనే చెప్పారు గానీ మావాళ్లు డాక్టరమ్మ అనుకుని ఒప్పుకున్నారు. ఇంట్లో ఇంతమందికి జ్వరాలొస్తే ఒక్క మాత్ర రాయలేదని మా పెద్దమ్మ పోయేదాకా దెప్పింది. ఆవిడ పని ఉద్దానంలో. పుట్టిందీ అక్కడే, జీడితోటలకీ కొబ్బరితోటలకీ మధ్య ఒక ఊళ్లో. చూస్తే కళ్లు చల్లబడే ఊళ్లవి. కిడ్నీలు పాడై నడివయసు మనుషులు రాలిపోయే ఊళ్లు కూడా అవే. ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో కష్టం అన్నారు, ఎవరికి తోచింది వాళ్లన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. శ్రీకాకుళంలో ఆవిడ పనిచేసే చిన్న పరిశోధన కేంద్రం నుంచి ఏటేటా జీడి పనులయ్యాక ఊళ్లకి వెళ్లి, అవే ఇళ్లలో, అవే మనుషుల దగ్గర, రోగం ఉన్నా లేకపోయినా నెత్తురు తీసి తెచ్చేది. దొంగతనం అయ్యాక ఇల్లు చూస్తే ఏం తెలుస్తుంది, ముందు ఎలా ఉండేదో తెలియాలి కదా అనేది. ఊళ్లో ఆవిడకి జలగమ్మ అని పేరు పెట్టారు. నేను జలగమ్మ మొగుణ్ణి. అల్లుడి మర్యాద ఆ మేరకు తగ్గింది.

మొదటి చెయ్యి ఎప్పుడూ మా బావమరిదిదే. సొంత తమ్ముణ్ణి వదిలేసి ఊరి మీద పడిందన్న మాట రాకూడదని ఆవిడ పట్టుదల. వాడు అరుగు మీద కూర్చుని, అందరూ వినేలా, "దోమకీ నీకూ తేడా ఏటే అక్కా, దోమ సెయ్యి సాపమని అడగదు," అనేవాడు. తర్వాత నావైపు తిరిగి, "ఈ జలగని ఎలగ ఏలుకుంతన్నావు బావా," అని జాలిపడేవాడు. దూది అలా ఉంచుకునే కొబ్బరిచెట్టెక్కి నాకు బొండాలు దింపేవాడు. కొన్నేళ్ల తర్వాత ఒక సాయంత్రం మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చింది, వంట చేసింది, తిన్నాం, గిన్నెలు కడిగింది, చెయ్యి తుడుచుకుని, "తమ్ముడికి మొదలైంది," అంది. వాడికింకా ఏ బాధా లేదు. ఆ ఏడు కూడా చెట్టెక్కాడు.

ఆ తర్వాత చెట్లు మానేశాడు, తర్వాత పొలం, తర్వాత నడక. డయాలసిస్ కోసం వారం వారం తిప్పారు. ఒక చెయ్యి సూదులతో తాళ్లు పేనినట్టు ఉబ్బిపోయింది. మా ఆవిడ నెత్తురు తియ్యడానికి చేతులు రాక నిలబడితే వాడే రెండో చెయ్యి చాపాడు. "ఆ సెయ్యి డయాలసిస్సోల్లది, ఈ సెయ్యి నీది అక్కా. తియ్యి," అన్నాడు. వాడు ఆవిణ్ణి అడిగింది ఒక్కటే. "నాకేటయినాదో తేలకపోయినా పర్నేదు. నా కొడుక్కి తేలాల. నా నెత్తురు పారబొయ్యకే." ఆ ఏడే పోయాడు. చెట్టెక్కిన రోజుల నుంచి మంచం మీది రోజుల దాకా, ఒక్క ఏడూ తప్పకుండా, వాడి నెత్తుటి తేట చిన్న చిన్న సీసాల్లో కేంద్రంలోని డీప్ ఫ్రీజరులో వరసగా ఉండేది. మిగతావాళ్లలో ఒకరు ఒక ఏడు వలస వెళ్లేవాళ్లు, ఇంకొకరు ఒక ఏడు అలిగేవాళ్లు. అంత నిండైన వరస ఇంకెవరిదీ లేదు.

ఇక కంప్యూటర్ల సంగతి. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో యంత్రాల తప్పేమీ లేదు. అవి కావాలని పై ఆఫీసు చుట్టూ ఏళ్లపాటు తిరిగింది మా ఆవిడే. అంతకుముందు ఆ నెత్తుటి పరీక్షల అంకెలన్నీ ఒక ముసలి కంప్యూటరులో ఉండేవి. దాని పొట్టలో చీమలు కాపురం పెట్టాయి. నకళ్లు దాచిన సీడీలకి బూజు పట్టింది. ఎక్కడో ఉన్న శాస్త్రవేత్తకి ఈ అంకెలు కావాలంటే మనిషి రైలెక్కి రావాలి. చివరికి కేంద్రానికి కొత్త పెద్దసారు వచ్చాక డబ్బు మంజూరైంది. మనిషెత్తు నల్లటి బీరువాలు, అద్దాల తలుపులు, మిణుకుమిణుకుమనే నీలం దీపాలు, గదికి రెండు ఏసీలు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. ఏ దేశంలో కూర్చున్నవాడైనా ఉద్దానం అంకెలు చూడొచ్చు. ప్రారంభం రోజున మా ఆవిడ పట్టుచీర కట్టుకుంది. "ఇంక మన కష్టం ఎక్కడికీ పోదు," అంది.

పెద్దసారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. తెల్లచొక్కా, మెత్తని గొంతు, ఆడవాళ్లందరూ తల్లి, మగవాళ్లందరూ నాన్న. అంత తియ్యగా లేదని చెప్పగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ముహూర్తం పెట్టించి, శ్రీముఖలింగం నుంచి విభూతి తెప్పించి, ఆ బీరువాలకి స్వయంగా బొట్లు పెట్టి, "ఇది అఖండ దీపం. ఎలిగించినాం, ఇంక ఆరకూడదు," అన్నాడు. మావైపు మొక్కుకుని అఖండం వెలిగిస్తే ఎవరో ఒకరు కాపలా కూర్చుని నూనె పోస్తుంటారు. అది కొండెక్కితే ఆ ఇంటికి కీడు. అందుకని ఎవరూ నవ్వలేదు. ఆ గది ఆగకుండా ఎన్ని రోజులు నడిచిందో చూపించే ఎర్ర అంకెల బోర్డు తలుపు మీద పెట్టారు. ఆ అంకె రాజధానిలో అధికారులకీ కనిపిస్తుందట. పెద్దసారు పొద్దున్నే దాన్ని చూశాకే టీ తాగేవాడు.

కేంద్రంలో జనరేటరు ఒక్కటే. అది ఫ్రీజరు కోసం కొన్నది. కొత్త గదినీ ఫ్రీజరునీ కలిపి లాగే శక్తి దానికి లేదు కాబట్టి, ఇంకొకటి వచ్చేదాకా తాత్కాలికంగా ఫ్రీజరు తీగ తప్పించి కొత్త గదికి తగిలించారు. నేను ఉద్యోగంలో ఒక తాత్కాలిక క్వార్టరులో దిగాను, అందులోనే జుట్టు నెరిసింది. మా ఆవిడ వెళ్లి అడిగినప్పుడల్లా, "ఫైల్లో ఉన్నాది తల్లీ, వచ్చీస్తాది," అనేవాడు పెద్దసారు.

జనరేటరు రాలేదు, తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు తలలన్నీ ఒకే దిక్కుకి పెట్టి పడుకున్నాయి. కరెంటు స్తంభాలు, ఫోన్ల టవర్లు వాటితోపాటే పడ్డాయి. తలుపు తియ్యకపోతే ఫ్రీజరు ఒక రోజు, మహా అయితే ఇంకో పూట చలువ నిలుపుకుంటుంది. మా ఆవిడ మోకాలి లోతు నీళ్లలో కేంద్రానికి వెళ్లింది. వెనకాల నేను. గోడకి అవతల జనరేటరు హాయిగా మోగుతోంది. అద్దాల గదిలో నీలం దీపాలు, ఏసీ చల్లదనం, ఎర్ర అంకె.

"సారూ, ఆ గది ఒక్కరోజు ఆపండి. కంప్యూటరు ఆపితే ఏటీ పోదు, మళ్లీ ఏస్తే మళ్లీ వస్తాది. ఫ్రీజరు కరిగిపోతే మళ్లీ రాదు," అంది మా ఆవిడ.

"నీ బాధ నాకు తెల్దా తల్లీ. కానీ శుభమా అని ఎలిగించింది, నా సేతుల్తో నేనార్పలేను. అయినా నెత్తుట్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించీసినాం కదా, ఇంక సీసాలెందుకు?"

"ఎక్కించినవి మనం అడిగిన ప్రశ్నలకి జవాబులు సారూ. ఇంకా అడగని ప్రశ్నకి జవాబు సీసాల్లోనే ఉన్నాది."

ఆయన కాసేపు ఆలోచించి, "ఎంత బాగా సెప్పినావు తల్లీ," అన్నాడు. మా ఇద్దరికీ టీ తెమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. నెట్టు లేదు, ఫోన్లు లేవు, ఆ అంకె ఇప్పుడు ఎవడు చూస్తున్నాడని అడిగాను. "దేవుడు సూస్తన్నాడు నాన్నా," అన్నాడు. నిజంగానే నమ్మి అన్నాడు. ఆ నమ్మకానికి కాళ్లూ చేతులూ కట్టి నాగావళిలో పారేయాలనిపించింది నాకు.

ఇంక మిగిలింది మంచు. ఆటో మాట్లాడుకుని సముద్రం వైపు వెళ్లాం. చేపల మంచు చేసేవాళ్ల దగ్గర తుఫానుకి ముందు మిగిలిన దిమ్మలు కొన్ని ఊకలో ఉన్నాయి. గోనెపట్టాలు చుట్టి తెచ్చాం. ఆటో నిండా నీచు వాసన, మా బట్టల నిండా ఊక. ఫ్రీజరు చుట్టూ, పైనా పేర్చింది ఆవిడ. మామూలు మంచు చలువ ఆ సీసాలకి ఏ మూలకీ చాలదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పోయేవాడి నోట్లో తులసినీళ్లు పోసేవాళ్లకి మాత్రం తెలియదా?

మూడోనాటికి ఫ్రీజరు కింద నుంచి నీళ్లు రావడం మొదలైంది. తలుపు తీస్తే చేపల వాసన, లోపల ఇంకో వాసన. సీసాల మీద ఆవిడ చేత్తో రాసి అంటించిన పేర్లు ఊడి నీళ్లలో ఊకతోపాటు తేలుతున్నాయి. ఆవిడ ఏడవలేదు. తమ్ముడి వరస ఎక్కడుందో తెలుసు కాబట్టి ఆ సీసాలు ఏరి, తువ్వాల్లో చుట్టి, టిఫిన్ క్యారియర్లో పెట్టి ఇంటికి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టింది. మా ఫ్రిజ్‌కి మాత్రం కరెంటు ఎక్కడిది? మర్నాడు పొద్దున్న కేంద్రం నుంచి అటెండరు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సీసాలు లెక్కకి తక్కువొచ్చినాయట అమ్మా. సారు తెమ్మన్నారు. పాడైన నెత్తురు కాల్చీయాలట," అన్నాడు. అది సరైన రూలే. ఆవిడ ఫ్రిజ్ తెరిచి ఇచ్చేసింది. తువ్వాలు కూడా తిరిగి అడగలేదు.

అంతటితో అయిపోతే బాగుండును. తుఫానులో సైతం ఆగకుండా నడిచినందుకు కేంద్రానికి మెచ్చుకోలు వచ్చింది, సభ పెట్టారు. పెద్దసారు మా ఆవిడ భుజాల మీద శాలువా కప్పి, మైకులో, "ఈ తల్లి నెత్తురు ధారపోసి ఈ సమాచారం సేకరించింది," అన్నాడు. ఎగతాళి కాదు, గౌరవమే. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ముందు వరసలో కూర్చుంటే తప్పదు. ఆ వారమే కంప్యూటరులో ఒక్కొక్క మనిషి పేరు పక్కన "నమూనా లేదు" అని ఎక్కించాల్సి వచ్చింది. ఇంకెవరి చేతా చేయించకుండా ఆవిడే కూర్చుని కొట్టింది.

ఊరికి వెళ్లి చెప్పాలి కదా. వెళ్లాం. చెట్లు కోల్పోయిన ఊరు గుండు కొట్టించుకున్నట్టుంది. మా బావమరిది భార్య పెరట్లో పడిన కొబ్బరికాయల పీచు ఒలుస్తోంది. మా ఆవిడ ఏదీ దాచకుండా చెప్పింది. చుట్టూ చేరినవాళ్లలో ఒకడు, "అయితే మా నెత్తురు మాకిచ్చీయండి, పులుసు కాసుకుంతాం," అన్నాడు. అందరూ నవ్వారు. చావుల మధ్య బతికేవాళ్లకి అలాంటి నవ్వు వస్తుంది, దానికి ఎదురు చెప్పే మొహం మాకు లేదు. మా బావమరిది భార్య మాత్రం నవ్వలేదు. చేతిలో కాయ పక్కన పెట్టి, "కంప్యూటరుకేటీ కానేదు కదా వదినా?" అంది. ఎత్తిపొడుస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. కాదు. వదిన ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమోనని భయపడి అడిగింది.

"నేదమ్మా. దానికేటీ కానేదు."

"పోన్లే," అని మళ్లీ కాయ అందుకుంది.

ఆ బీరువాలు కూడా కొన్నేళ్లకి పాతబడ్డాయి. వాటికంటే మంచివి వచ్చాయని ఒక కుర్ర ఇంజనీరు ఒక్క వేలితో ఆపేశాడు. వ్యానులో వేసుకుని పట్టుకుపోయారు. ఏ కీడూ జరగలేదు. పెద్దసారు రిటైరయ్యాడు, పొద్దున్న నడకలో కనిపిస్తే, "బాగున్నావా తల్లీ," అని ఆగి మరీ పలకరిస్తాడు. మా ఆవిడ బాగున్నానంటుంది. నేను చెప్పుల్లో రాయి పడ్డట్టు వంగుతాను.

మా ఆవిడ రిటైరయ్యాక ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎక్కడో చదువుకుంటూ ఆ అంకెలన్నీ చూసిందట. ఒక మనిషి ఏళ్ల తరబడి బాగున్నప్పటి నుంచి పోయేదాకా ఉన్న వరస చూసి ఆగిపోయిందట. కిడ్నీలు చెడకముందే నెత్తుట్లో జాడ కనిపించే పదార్థం ఒకటి ఉందని ఆ అమ్మాయి అనుమానం. ఆ మనిషి బాగున్న రోజుల నెత్తురు ఒక్క చుక్క దొరికితే తేలిపోతుంది. "పక్కన ఏం రాసుందో చదవలేదా అమ్మా?" అంది మా ఆవిడ. "చదివాను మేడమ్. అయినా ఎక్కడైనా ఒక్క సీసా మిగిలుంటుందేమోనని వచ్చాను," అంది ఆ పిల్ల. నేను టీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోయాను.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం తప్ప దారి లేదు. రోగం లేనివాణ్ణి పట్టుకుని, ఏటేటా నెత్తురు తీసి దాచుకుంటూ, ఎదురుచూడాలి. జలగమ్మ పక్కన లేకపోతే ఊళ్లో ఎవరూ ఆ పిల్లకి చెయ్యి చాపరు. మొదటి చెయ్యి మా ఇంటిదే కావాలి కూడా. అలా మా బావమరిది కొడుకు చాపాడు. లారీ నడుపుతాడు, పెళ్లయింది, తండ్రి నోరే వాడికీ వచ్చింది. సూది దిగుతుండగా, "నాకు రోగమొస్తేనే కదత్తా నీకు జవాబు దొరికేది," అన్నాడు. మా ఆవిడ దూది అదిమిపట్టి, "సెయ్యి మడుసుకోరా," అంది, అంతే.

ఈ ఏడు వాడి పరీక్షల కాగితమూ వచ్చింది. అన్నీ బాగున్నాయట, అంటే ఆ అమ్మాయి చదువుకి పనికొచ్చేదేమీ లేదు. మా ఆవిడ వాడికి ఫోను చేసి చెప్పి, నన్ను బెల్లం తెమ్మని పంపి పాయసం కాచింది. పోయినవాడి ఏళ్లన్నీ భద్రంగా దాచి పోగొట్టుకున్నాం. ఉన్నవాడి ఏళ్లు ఒక్కొక్కటే మళ్లీ దాస్తున్నాం, అవి ఎప్పటికీ ఎవరికీ పనికిరాకుండా పోవాలని దండాలు పెట్టుకుంటూ.