డెల్బర్ట్ సొంతంగా రాసిన ఉత్తరం

నెబ్రాస్కాలో మా ఊరి బడులు నడిపే చిన్న స్కూల్ డిస్ట్రిక్టుకు సైన్సు ల్యాబు తెచ్చింది వెర్నా. లైబ్రరీ తెచ్చింది వెర్నా. పంతొమ్మిదేళ్లలో ఇరవై మూడు గ్రాంట్లు, అన్నీ డిస్ట్రిక్టు ఆఫీసు మూలగదిలో ఒక్కతే కూర్చుని దరఖాస్తులు రాసి గెలిచినవే.

ప్రతి దరఖాస్తుకూ ఊరివాళ్ల మద్దతు లేఖలు జతచేయాలి. అవీ ఆమే రాసేది, వాళ్లు సంతకం పెట్టేవారు. తన పనిని ఒకసారి పాస్టరుగా, ఒకసారి బ్యాంకు మేనేజరుగా తానే మెచ్చుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఈసారి గ్రాంటు సాయంత్రం బస్సు కోసం. అది రాకపోతే దూరపు పొలాల పిల్లలు బడి అయ్యాక చదువుకోవడానికి ఆగలేరు. దాణా కొట్టు డెల్బర్ట్ మాత్రం ఆమె సంతకానికి పంపిన లేఖ పక్కన పెట్టి, సొంతంగా రాసి పంపాడు: "వెర్నా మా పిల్లలకు ఎంత చేసిందో ఈ ఊరు ఒక్కసారీ చెప్పలేదు. నేను చెబుతున్నాను."

ఆమె మూడుసార్లు చదివింది. కానీ బస్సు నిలపడానికి అతనిస్తానన్న షెడ్డు మాట అందులో లేదు. అది లేనిదే దరఖాస్తు చెల్లదు. ఒక్కొక్కరి నుంచి ఒక్క లేఖే తీసుకుంటారు. గడువు ఆ సాయంత్రమే. ఆమె కొట్టుకు వెళ్లింది.

"ఏం వెర్నా, నా ఉత్తరం ఫెయిలా?" డెల్బర్ట్ నవ్వాడు.

"చాలా బాగుంది. కానీ గ్రాంటు ఇచ్చేవాళ్ల మార్కుల పట్టికలో దానికి గడే లేదు, షెడ్డుకే ఉంది. నేను రాసిందాని మీద సంతకం పెట్టు."

"నా మాటలు నాకంటే నువ్వే బాగా రాస్తావులే!" అంటూ సంతకం గీకేశాడు.

బస్సు వచ్చింది. పత్రికలో బస్సు పక్కన డిస్ట్రిక్టు పెద్ద, సూపరింటెండెంటు ఫొటో పడింది. డెల్బర్ట్ ఉత్తరం వెర్నా వంటింటి సొరుగులో ఉంది. తీసి చూపించడానికి ఆ ఇంటికి వచ్చేవాళ్లెవరూ లేరు.