మా పట్టు కోచ్, పదో నంబర్ దవడ

పోయిన మంగళవారం ఉదయం మా పట్టు కోచ్ చనిపోయారు. మా ఊరు అరోరాలో అది ఈ చలికాలపు మొదటి మంచు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతూ, పార చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయారట. నేను అప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నాను. టీమ్ వాట్సాప్ గ్రూపులో మా కెప్టెన్ పెట్టిన మెసేజ్ రెండే మాటలు: "కోచ్ పోయాడు." మా క్లబ్‌లో నలుగురు కోచ్‌లున్నారు. అయినా ఏ కోచ్ అని ఒక్కరూ అడగలేదు.

ఈ వేసవిలో ఆయన నన్ను ఒక్క పని చేయమని అడిగారు. నేను చేయలేదు. అది చెప్పకుండా ఆయన గురించి ఎంత మంచిగా రాసినా అబద్ధం రాసినట్టే.

మాది రగ్బీ లీగ్ క్లబ్. కొత్తది, ఇదే మొదటి సీజన్. ఆ ఆట తెలియనివాళ్లకి ఇలా చెప్తాను: కబడ్డీ చేతికి బంతి ఇచ్చి, బరి పెద్దది చేసి, జాలి తీసేస్తే వచ్చేది రగ్బీ లీగ్. అటు పదమూడు మంది, ఇటు పదమూడు మంది. బంతి ఉన్నవాడు ఎదుటివాళ్ల మీదికి పరుగెత్తుతాడు, వాళ్లు అతన్ని నేలకేసి కొడతారు. అతను లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి, మళ్లీ మొదలుపెడతాడు. తలకి హెల్మెట్ ఉండదు. రోజూ ఎవరికో ఒకరికి కుట్లు పడతాయి.

ఆయన మా పక్క వీధిలో ఉండే అంకుల్. నల్గొండ వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు ఉద్యోగం చేసే డిపార్ట్‌మెంట్ తరఫున కబడ్డీ ఆడేవారట. ఇక్కడికొచ్చాక పక్క ఊరు నేపర్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సాయంత్రాలు మంకీ క్యాప్ పెట్టుకుని వాకింగ్‌కి వచ్చేవారు. ఏప్రిల్‌లో మా ప్రాక్టీస్ జరుగుతుంటే ఫెన్స్ అవతల నిలబడి చూశారు. రెండు రోజులు ఓపిక పట్టారు. మూడో రోజు ఆగలేక అరిచారు.

"అరే, ఛాతీ మీద ఎందుకు పడుతున్నవ్ రా! మడమ! మడమ పట్టు!"

మా హెడ్ కోచ్ ఆస్ట్రేలియా ఆయన. ఆ పెద్దాయన ఏమంటున్నాడని నన్ను అడిగాడు. చెప్పాను. "అయితే వచ్చి చూపించమను" అన్నాడు నవ్వుతూ.

అంకుల్ వచ్చారు. బూట్లు విప్పి, సాక్సులు మడిచి వాటిలో పెట్టారు. వంగి నేలని తాకి చేతిని కళ్లకద్దుకున్నారు. మా జట్టులో అందరికంటే బరువైనవాడు, టోంగా దీవుల నుంచి వచ్చిన ముందు వరస ఫార్వర్డ్, ఎద్దులా మీదికి ఉరికాడు. అంకుల్ పక్కకి తప్పుకోలేదు. చివరి క్షణంలో మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులా అతని మడమ పట్టి, భుజంతో పిక్క మీద గుద్దారు. ఆ కొండలాంటి మనిషి ముఖం నేలకి కొట్టుకుంది. నోట్లోంచి మట్టి, రక్తం కలిపి ఉమ్మి, కూర్చుని, "మళ్లీ" అన్నాడు.

అంకుల్ అతనికి చెయ్యి అందించి లేపాకే తన బూట్లు వేసుకున్నారు. "పట్టినోడే లేపాలె" అన్నారు నాతో. "గది మాత్రం వాళ్లకి మంచిగ చెప్పు బిడ్డా."

మర్నాటి నుంచి ఆయన మాకు పట్లు నేర్పే పట్టు కోచ్.

ఆయనకి రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి గోళ్లు. కబడ్డీలో గోళ్లు పెరిగినవాణ్ణి బరిలోకి రానివ్వరట. ప్రతి మ్యాచ్ ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి, తాళాల గుత్తికున్న నెయిల్ కట్టర్‌తో తనిఖీ చేసేవారు. పచ్చబొట్లు పొడిపించుకున్న అంత లావు చేతులు, చిన్న పిల్లల చేతుల్లా ముందుకు చాచి ఉండేవి. రెండోది, ఆ లేపడం. ప్రాక్టీస్‌లో ఎవరు ఎవర్ని పడేసినా చెయ్యి అందించేదాకా తర్వాతి పట్టుకి ఒప్పుకునేవారు కాదు.

ఆ రెండోదే మొదటి మ్యాచ్‌లో మా కొంప ముంచింది. చివరి నిమిషాల్లో స్కోరు సమానం. నేను ఒకణ్ణి మా గోల్ దగ్గరే మడమ పట్టి పడేశాను. అలవాటు కొద్దీ చెయ్యి అందించాను, అతనూ పట్టుకున్నాడు. రగ్బీ లీగ్‌లో పడేసినవాడు వెంటనే వదిలి తప్పుకోవాలి. నేను అతని చెయ్యి పట్టుకుని ఆట ఆపుతున్నానని రిఫరీ విజిల్ వేశాడు. ఆ పెనాల్టీ కిక్‌తో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

"ఈసారి కాఫీ కూడా ఇవ్వు" అన్నాడు కెప్టెన్, తువ్వాలు నా ముఖాన కొట్టి.

అంకుల్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు. "నాదే తప్పు బిడ్డా. రూల్ సగమే చెప్పిన. ఆట ఆగినంక లేపు. మర్చిపోకుండ లేపు."

నేను మర్చిపోయింది జూలైలో.

కార్‌లో గంటకి పైగా దూరం ఉన్న రాక్‌ఫర్డ్ నుంచి ఒక జట్టు మా గ్రౌండ్‌కి వచ్చింది. వాళ్ల పదో నంబర్ ఆటగాడు మొదటి సగంలోనే మోచేత్తో నా ముక్కు పగలగొట్టాడు. రిఫరీ చూడలేదు. ముక్కులో దూది కుక్కించుకుని మళ్లీ దిగాను. గొంతులోకి రక్తం కారుతూనే ఉంది, మింగుతూ ఆడాను. నాకు స్కోరు గుర్తు లేదు. ఆ పది అంకె ఎక్కడుందో వెతుక్కోవడం గుర్తుంది.

రెండో సగంలో అతను బంతి తీసుకుని నేరుగా నా వైపే వచ్చాడు. మడమ కనిపిస్తూనే ఉంది. ఎన్ని వందల సార్లు పట్టిన మడమ. నేను వంగలేదు. పిడికిలి బిగించి, ముంజేతిని అడ్డంగా లేపి, పరుగెత్తి అతని ముఖం మీద మోదాను. సెలరీ కాడ విరిచినట్టు చప్పుడైంది. అతను నిలువునా కూలాడు. గడ్డిలో రెండు పళ్లు. దవడ ఒక పక్కకి జారిపోయి, నోరు మూసుకోలేక, రక్తంతో బుడగలు వస్తున్నాయి. స్టాండ్స్‌లో మావాళ్లు బెంచీల మీద కాళ్లు దబదబా కొడుతూ నా పేరు అరిచారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ అరుపు నాకు తియ్యగా అనిపించింది.

రిఫరీ ఎర్ర కార్డు చూపించాడు. నేను బయటికి నడిచాను. అంకుల్ నాకు ఎదురుగా గ్రౌండ్‌లోకి పరుగెత్తారు. నన్ను చూడకుండా దాటి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, డాక్టర్ వచ్చేదాకా పదో నంబర్ తలని రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకున్నారు.

ఇద్దర్నీ ఒకే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. నా మంచం పక్కన అంకుల్ కూర్చున్నారు. ఆయన చొక్కా చేతులు మోచేతి దాకా ఎర్రగా ఉన్నాయి.

"గా కర్టెన్ అవతలనే ఉన్నడు. పో" అన్నారు.

"వాడు నా ముక్కు పగలగొట్టాడు అంకుల్."

"చూసిన. వాడు తప్పు చేసిండు. నిన్ను లేపుడు వాని లెక్క. వాణ్ణి లేపుడు నీ లెక్క."

"రేపు వెళ్తాను. ప్రామిస్."

మర్నాడు నేను వెళ్లలేదు. ఆ దెబ్బ వీడియో ఫోన్లలో తిరుగుతోంది, క్లాస్‌మేట్స్ మెసేజ్‌లు పెడుతున్నారు, వాటికి జవాబులిస్తూ కూర్చున్నాను. అతన్ని రాక్‌ఫర్డ్‌కి పంపేశారు. నాలుగు మ్యాచ్‌లు నన్ను ఆడనివ్వలేదు. తిరిగి ఆడిన రోజు గోళ్ల తనిఖీలో నా వంతు వచ్చింది. అంకుల్ తలెత్తకుండా అడిగారు.

"పోయినవా?"

"ఎగ్జామ్స్ అంకుల్."

ఇంకో వారం. "పోయినవా?"

"కార్ సర్వీస్‌కి ఇచ్చాం అంకుల్."

కట్టర్ గోటి కింది మాంసం దాకా దిగింది. "అయ్యో, తగిలిందా?" అన్నారు. నొప్పి మూడు రోజులుంది. సీజన్ అయిపోయింది. పన్నెండింట్లో మూడు గెలిచాం. తర్వాత ఆయన ఎప్పుడు వీధిలో కనిపించినా చెయ్యి ఊపేవారు. అడగడం మానేశారు. అడిగినా బాగుండేది.

శుక్రవారం ఫ్యూనరల్ హోమ్‌కి జట్టంతా వచ్చింది. ఒక్కొక్కరే శవపేటిక దగ్గరికి వెళ్లి నిలబడుతున్నారు. టోంగా ఫార్వర్డ్ అక్కడ ఏం చేయాలో తెలియక, రెండు చేతులూ చాచి, వేళ్లు విప్పి అంకుల్‌కి చూపించాడు. గోళ్లు కత్తిరించుకుని వచ్చాడు. వెనకున్నవాళ్లందరూ అలాగే చేశారు. నేనూ చేశాను.

ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "శనివారం శనివారం చారు కాచుకొని పోయేటాయన బిడ్డా. ఎక్కడికంటే జట్టు పని అనేటాయన. మీకు మంచిగుండెనా చారు?"

నాకు అర్థం కాలేదు. మేమెవ్వరం ఆ చారు తాగలేదు.

అప్పుడు తలుపు దగ్గర పదో నంబర్ కనిపించాడు. సూట్ వేసుకున్నాడు. దవడ కొంచెం ఎడమకి వంకరగా అతుక్కుంది. చేతిలో స్టీలు ఫ్లాస్కు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అతను నేరుగా నా దగ్గరికే వచ్చి ఫ్లాస్కు అందించాడు.

"ఇది మీ కోచ్‌ది. ఆరు వారాలు నా పళ్లని తీగలతో కట్టేశారు. స్ట్రాతో ఈ మంట నీళ్లే తాగాను" అన్నాడు. మాట కొంచెం నత్తిగా వస్తోంది. "తీగలు తీసేశాక కూడా తెచ్చేవాడు. నువ్వే పంపుతున్నావని చెప్పేవాడు."

ఊరుకుంటే సరిపోయేది. అంకుల్ నాకోసం ఆడిన అబద్ధం నన్ను కాపాడేది.

"నేను పంపలేదు" అన్నాను. "ఒక్కసారి కూడా."

"తెలుసు" అన్నాడు. "నీకు వంట రాదని కూడా చెప్పాడు." నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకున్నాడు. నేను అతనికి సారీ చెప్పాను. తల ఊపాడు. అంకుల్ అడిగింది సారీ చెప్పమని కాదు, వెళ్లమని. అది ఇద్దరికీ తెలుసు.

"ఫ్లాస్కుని పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు పెట్టి తెచ్చేవాడు, మనిషికి పెట్టినట్టు" అన్నాడు వెళ్తూ.

ఇవాళ శనివారం. పొద్దున్నే ఆంటీ ఫోన్‌లో చెప్తుంటే మిరియాలు దంచాను. చింతపండు ఎక్కువైంది, ఉప్పు రెండుసార్లు వేశాను. మంచు ఆగింది. కార్‌లో ఫ్లాస్కుని పక్క సీట్లో నిలబెట్టాను. కార్ కదలగానే అది అటూ ఇటూ ఊగి నా వైపు ఒరిగింది. బ్రేక్ వేసి, చేత్తో ఎత్తి నిటారుగా నిలబెట్టి, బెల్టు లాగి బిగించాను. మూత సందులోంచి వస్తున్న ఆవిరికి రాక్‌ఫర్డ్ దారి పొడుగునా పక్క కిటికీ అద్దం మసకేసి ఉంది.