నాలుగు వంతుల సూది

నరిన్ కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో ఎవరైనా కెంజెగుల్ నోటికి జడవాల్సిందే. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. ఒక్క సూదితో ఇద్దరు ఆడపిల్లల్ని సాకింది. ముఖస్తుతికి లొంగదు, జాలి చూపిస్తే కరుస్తుంది. అలాంటి మనిషి బుద్ధి గడ్డి తిని బత్మాతో పొత్తు పెట్టుకుంది.

పొత్తు ఒక్క తివాచీకే, ఒత్తిన ఉన్ని ముక్కలు కలిపి సూదితో కుట్టేది. ఉన్ని బత్మాది. రంగులు వేసింది పక్కింటి సోనున్. నలభై రోజులు బత్మా ఇంట్లో కూర్చుని కుట్టింది కెంజెగుల్. అమ్మిన సొమ్ములో ఉన్నికి నాలుగు వంతులు, కుట్టుకు నాలుగు, రంగుకు ఒకటి అని ముందే నోటిమాట. తివాచీ ముప్పై ఆరు వేల సోమ్‌లకు పోయింది. కెంజెగుల్‌కు పదహారు వేలు రావాలి. చలికాలానికి బొగ్గు కొనాల్సింది ఆ డబ్బుతోనే.

పంపకం రోజున బత్మా టీ కూడా పొయ్యలేదు.

"కుట్టుకి వంతేంటే? నువ్వు చేసింది అషార్ కదా!"

అషార్ అంటే ఇరుగుపొరుగు కూలి అడక్కుండా చేసే సాయం. తిండి పెడితే చాలు.

"ఎవరన్నారక్కా ఆ మాట?" అంది కెంజెగుల్.

"నలభై రోజులు నా టీ తాగలా? నేను వేయించిన బోర్సోకులు మెక్కలా? అషార్ కాక మరేంటి? ఇంక ఉన్నికి నాలుగు, రంగుకి ఒకటి. నాకు ఇరవై ఎనిమిది వేల ఎనిమిదొందలు, సోనున్‌కి ఏడు వేల రెండొందలు."

నాలుగు వేలు రావాల్సిన సోనున్‌కు ఏడు వేల రెండొందలు! కెంజెగుల్ ఆమె వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే, ఒప్పందం ఏంటో!"

"నాకేం గుర్తులేదొదినా," అంది సోనున్, గోళ్ళకంటిన ఎరుపు గీక్కుంటూ. మూడు వేల రెండొందలకు నోరు అమ్ముకుంది, సిగ్గులేని మనిషి!

కెంజెగుల్‌కు ఒళ్ళు మండిపోయింది. విసురుగా లేచి, వీధి గేటు దగ్గర నిలబడి గొంతెత్తింది.

"వినండమ్మా! బత్మక్కకి నేను నలభై రోజులు అషార్ చేశానంట! రేపట్నుంచి నలభై రోజులు ఆవిడ నాకు చేస్తుంది. నా గొర్రెల కొట్టం గోడ పడిపోయింది, మట్టి తొక్కాలి, ఇటుకలు కొయ్యాలి. టీ నేనే పోస్తాలే!"

గోడల మీంచి తలలు లేచాయి. అషార్ చేయించుకున్నవాళ్ళు, చేసినవాళ్ళు తిరిగి పిలిస్తే వెళ్ళి తీరాలి. ఎగ్గొడితే రేపు ఆ ఇంట్లో చావొచ్చినా గొయ్యి తవ్వడానికి ఎవరూ రారు.

"బత్మా, పార నేనిస్తానే!" అని ఓ ముసలావిడ పకపకా నవ్వింది.

"లోపలికి తగలడవే, పరువు తీస్తున్నావ్!" బత్మా పళ్ళు కొరికింది.

"అషారా, వంతా? ఇక్కడే చెప్పు."

"వంతు..."

"గట్టిగా!"

"వంతే! నీ నోట్లో మన్నుపడ!"

లోపలికెళ్ళాక సోనున్ చేతిలోంచి మూడు వేల రెండొందలు బత్మాయే లాక్కుంది. కెంజెగుల్ పదహారు వేలూ రెండుసార్లు లెక్కపెట్టుకుని, అందులోంచి వెయ్యి తీసి బల్ల మీద కొట్టింది.

"ఇది నీ టీకీ బోర్సోకులకీ. నీ ఇంట్లో ఉత్తినే ఏం తినలా నేను."

ఆ చలికాలం ఆమె పొయ్యి ఆరలేదు. బత్మా ఉన్ని మూటల్లోనే పురుగు పట్టింది, సోనున్ రంగులు డబ్బాల్లోనే గడ్డకట్టాయి. కెంజెగుల్ సూది మాత్రం మళ్ళీ బత్మా గడప తొక్కలేదు.