కాజాలక్క మీద వేసిన మచ్చ

ముప్ఫై ఏళ్లుగా ఆ వీధిలో బట్టలు కుడుతున్న టైలరుకు రెండే గర్వాలు. ఒకటి, తన కత్తెర పడిన గుడ్డ ఎవరి ఒంటి మీదా ముడత పడదని. రెండోది, ఈస్టర్ ఉదయాన చర్చిలో ఫాదర్ తొడుక్కునే తెల్లంగీ తన మిషను మీదే తయారవుతుందని. నలభై రోజుల ఉపవాస కాలమంతా పూజకు ఊదారంగే. ప్రభువు సమాధిలోంచి లేచిన ఆ ఆదివారంతో ఊదా పోయి తెలుపు వస్తుంది. ఆ తెలుపు కుట్టడమంటే సమాధి రాయి దొర్లించడానికి తానూ ఒక చెయ్యి వేసినట్టే అనుకునేవాడు.

కొట్లో అతనితో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నది కాజాలక్క. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, ఇస్త్రీ చేయడం ఆమె పని. మాట తక్కువ మనిషి. పళ్ల మధ్య ఎప్పుడూ దారం ఉంటే ఇక మాటెక్కడ పడుతుందని టైలరు వేళాకోళం ఆడేవాడు.

ఆ ఏడు పండుగ ముందు సోమవారం మధ్యాహ్నం, ఆమె ఇంటికి వెళ్లిపోయాక, అంగీకి చివరి ఇస్త్రీ తానే పెట్టాడు. ఇంతలో ఫోను మోగింది. ఎవరో పెద్దింటివాళ్లు పెళ్లిబట్టల గురించి అడుగుతున్నారు. మాటల్లో పడి, కమురు వాసన ముక్కుకు తగిలేదాకా ఇస్త్రీపెట్టె సంగతే మరిచాడు. తీసి చూస్తే సరిగ్గా గుండెల మీద, పెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ.

అప్పుడే ఫాదర్ లోపలికి వచ్చారు. చర్చిలో పూలు సర్దే ఆడవాళ్లిద్దరు వెంట ఉన్నారు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది.

"కాజాలక్క చేతిలో పెట్టె నిలవడం లేదు ఫాదర్. వయసు మీద పడింది," అన్నాడు టైలరు.

పాత అంగీ ఉందిగా, పర్వాలేదన్నారు ఫాదర్. ఆడవాళ్లు అయ్యో పాపం అన్నారు. సాయంత్రానికి ఆ పాపం వీధంతా తిరిగింది.

మర్నాడు ఆమె పనికి రాలేదు. మోకాళ్ల నొప్పులని కబురు పంపింది. టైలరు హమ్మయ్య అనుకున్నాడు.

గురువారం సాయంత్రం చర్చిలో పాదాలు కడిగే ఆచారం. ప్రభువు తన శిష్యులకు చేసినట్టుగా, ఫాదర్ మోకాళ్ల మీద కూర్చుని పన్నెండుమంది కాళ్లు కడిగి తుడుస్తారు. ఆ ఏడు పన్నెండుమందిలో టైలరు ఒకడు. ఇంట్లో గోళ్లు తీసుకుని, మడమలు రాయితో తోమి, రెండుసార్లు సబ్బు పెట్టుకున్నాడు.

"ఇంక ఫాదర్ కడగడానికి ఏం మిగిల్చారండీ?" అంది భార్య.

తీరా చర్చికి వెళ్లి చూస్తే పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంది. రావలసిన బస్సు డ్రైవరు డ్యూటీలో ఇరుక్కుపోయాడట. ఫాదర్ వెనక వరుసలోకి చూసి కాజాలక్కను పిలిచారు. ఆమె కుంటుకుంటూ వచ్చి టైలరు పక్కనే కూర్చుంది. చెప్పులు విప్పితే మడమలు బీటలు వారి ఉన్నాయి. మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి వచ్చిన నొప్పి.

ప్రభువు ఆ రాత్రి తనను పట్టివ్వబోయేవాడి కాళ్లు కూడా కడిగాడని ఫాదర్ ప్రసంగంలో చెప్పారు. టైలరు చిన్నప్పటినుంచీ వింటున్న కథే. విన్నప్పుడల్లా తనను మిగతా పదకొండుమందిలో లెక్కేసుకునేవాడు.

ఫాదర్ అతని ముందు వంగి పాదం పట్టుకోబోతే, టైలరు కాలు వెనక్కి లాక్కున్నాడు. ఫాదర్ నెమ్మదిగా మళ్లీ పట్టుకుని నీళ్లు పోశారు. పూజ అయ్యాక వాకిట్లో ఒక పెద్దాయన భుజం తట్టాడు. "ఆనాడు ప్రభువుతో శిష్యుడు పేతురు కూడా నా కాళ్లు కడగొద్దనే అన్నాడు బాబూ. ఎంత వినయం నీది," అన్నాడు. టైలరు తల వంచుకున్నాడు. దాన్నీ వినయమే అనుకున్నారు.

శుక్రవారం సిలువను ముద్దు పెట్టుకునే వరుసలో నిలబడి, సగంలో బయటికి వచ్చేశాడు. శనివారం పొద్దున ఫాదర్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా కక్కేశాడు. దేవుడు క్షమిస్తాడు గానీ, ఆ మాట పడ్డ మనిషి వేరే ఉంది కదా అన్నారు ఫాదర్.

కాజాలక్క తన గుమ్మంలో కూర్చుని పండుగకు కోడిగుడ్లకు రంగులు వేస్తోంది. టైలరు నిలబడే చెప్పాడు. ఆమె చేతిలోని గుడ్డును జాగ్రత్తగా పక్కన పెట్టింది.

"తెలుసు తమ్ముడూ. ఆవేళ కళ్లజోడు మరిచి వెనక్కొచ్చాను. కొట్టు పరదా అవతలే ఉన్నాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు చెబుతావనుకున్నాను. గురువారం పక్కన కూర్చున్నప్పుడు కూడా అనుకున్నాను."

అతనికి నేల చీలినా బాగుండుననిపించింది. రేపు అందరిలో చెబుతానన్నాడు. నీ ఇష్టం అని, ఆమె ఇంకో గుడ్డు అందుకుంది.

ఆదివారం తెల్లవారుజామున గంటలు మోగాయి. ఫాదర్ కాలర్ పసుపెక్కిన పాత అంగీలో వచ్చారు. పూజ ముగిసి ఒకరికొకరు పండుగ శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే, టైలరు ఆ ఇద్దరు ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, చుట్టూ ఉన్నవాళ్లకూ వినబడేలా తప్పు ఒప్పుకున్నాడు. "పండుగ పూట అవన్నీ ఎందుకన్నా, ఎప్పుడో మరిచిపోయాం," అని నవ్వేశారు వాళ్లు. కోప్పడి ఉంటే కాస్త తేలికపడేవాడు. కాజాలక్క అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఒక రంగు గుడ్డు ఇచ్చింది.

ఆమె మళ్లీ కొట్టుకు రాలేదు. తన ఇంటి ముందే చిన్న బల్ల వేసుకుని, కూర్చుని చేసే పని మాత్రమే ఒప్పుకుంటోంది. కాజాలక్క ఏదని పాతవాళ్లు అడిగినప్పుడు మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకోవచ్చు. టైలరు మాత్రం కత్తెర కింద పెట్టి, "నా తప్పు ఆమె మీద వేశానండి, అందుకే రావడం లేదు," అంటాడు. మొదట్లో ఆ మాట అనడానికి కత్తెర రెండు మూడుసార్లు ఎత్తి దించాల్సి వచ్చేది. ఇప్పటికీ అది నున్నగా ఏమీ బయటికి రాదు.