నలభై నాలుగేళ్లకు హెవీ లైసెన్సు

వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో పెళ్లికి ముందు నుంచీ పనిచేస్తున్నాను. ఊళ్ల నుంచి వచ్చే కొట్లవాళ్లకి చీరలు విప్పి చూపించడం నా పని. మంగళగిరి నూలు చీర అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరితే పరుపు మీద ఆ చివరిదాకా పరుచుకునేది. ఆ పనంటే నాకు ఇష్టం. ఈమధ్య బేరమంతా ఫోన్లోకి వెళ్లిపోయింది. వీడియోలో చీరలు చూపించడానికి చిన్న వయసు అమ్మాయిల్ని పెట్టుకున్నారు. నన్ను మేడ మీదికి పంపారు, పార్సిళ్లు కట్టడానికి. కిటికీ లేని గది. ఓనరుగారు మంచి మనిషే, పొమ్మనలేదు. కానీ సాయంత్రం అటువైపు ఎవరూ రాకుండానే లైట్లు ఆర్పేసి, నేనింకా లోపలే ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ వేసిన రోజులున్నాయి.

మా ఆయన లారీ డ్రైవరు. సొంత లారీయే. కైకలూరు చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసులో పెట్టుకుని కలకత్తా వైపు తీసుకెళతారు. అంత దూరం ఒక్కరే నడపలేరు కాబట్టి సెకండ్ డ్రైవరు కావాలి. చాలాకాలం తోడున్నతను గల్ఫ్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ నిలవలేదు.

పోయిన వేసవిలో, మా పాప కాలేజీ హాస్టల్లో ఉందని, ఇంట్లో ఒక్కదాన్నే ఉండబుద్ధి కాక, "కైకలూరు దాకా నేనూ వస్తానండీ, బస్సులో తిరిగొచ్చేస్తాను" అన్నాను. ఇన్నేళ్లుగా లారీ డ్రైవరు భార్యనే గానీ క్యాబిన్‌లో కూర్చుని అంత దూరం వెళ్లడం అదే మొదలు. బందరు రోడ్డు నాకు తెలియంది కాదు, బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో. ఆ ఎత్తు మీంచి చూస్తే మాత్రం అది వేరే రోడ్డు. కాలవలు కట్టేసిన రోజులు. వరి కోసిన పొలాల్లో గేదెలు మేస్తున్నాయి. అంత దూరం చూపు సాగి ఎన్నాళ్లయిందో నాకు.

ఉయ్యూరులో టీకి ఆగాం.

"నేను నేర్చుకుంటే ఎలా ఉంటుందంటారు?" అన్నాను.

"ఏంటది?"

"లారీ. సెకండ్ డ్రైవరు దొరకట్లేదుగా మీకు."

ఆయన పెద్దగా నవ్వారు. నేను నవ్వకపోయేసరికి గ్లాసు కింద పెట్టారు. "నిజంగానే అంటున్నావా?"

"కారు లైసెన్సు ఉందిగా నాకు. పెళ్లైన కొత్తలో స్టీరింగున్న ట్రాలీ ఆటో మీద మీరేగా నేర్పించింది."

కైకలూరు దాకా ఆయన మాట్లాడింది ఎండల గురించే.

ఆ ట్రిప్పు నుంచి ఆయన తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనకి వెళ్లాం. అయిపోయి అందరూ వెళ్లిపోతుంటే, ఆయన చర్చి గోడ నీడలో బండి తాళం చేతిలో పెట్టుకుని నిలబడిపోయారు.

"నీకు చేతకాదని కాదు," అన్నారు. "డాబాల దగ్గర డ్రమ్ములో నీళ్లు ముంచుకుని రోడ్డు పక్కన స్నానం చేస్తాను. చెక్‌పోస్టులో మన పాప వయసున్నవాడు నన్ను ఏరా అంటే, నేను సార్ అంటాను. ఇంటికొచ్చేముందు పెట్రోలు బంకులో చొక్కా మార్చుకుని వస్తాను. ఆ మనిషిని నువ్వు చూడకూడదనే ఇన్నాళ్లూ నిన్ను లారీ ఎక్కించలేదు."

ఆయన చొక్కా మార్చుకుని వస్తారన్న సంగతే నాకు తెలియదు. మా ఆయన అంత నీటు మనిషని అందరితో గొప్పగా చెప్పుకునేదాన్ని.

"కొట్లో నన్నెవరూ ఏమీ అనరనుకుంటున్నారా?" అన్నాను. "చీరలన్నీ విప్పించుకుని, ఈవిడ కాదు, ఇంకో అమ్మాయిని పిలవండి అన్నవాళ్లున్నారండీ. నేనూ మీకు చెప్పలేదు."

ఆయన, "ఎండెక్కుతోంది, పద" అని బండి తీశారు. మర్నాడు తనే ఆటోనగర్ తీసుకెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేర్పించారు.

నేర్పేది బస్సులు నడిపి రిటైరైన పెద్దాయన. నేర్చుకునేవాళ్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. క్లచ్చి అందక వీపు వెనక దిండు పెట్టుకునేదాన్ని. ముందుకి పోవడం తొందరగానే వచ్చింది. వెనక్కి తీయడం రాలేదు. అద్దంలో ఎడమేదో కుడేదో తేలక పాతిన కర్రల్ని వరసగా పడగొట్టాను. "కంగారేం లేదమ్మా, కర్రలు మళ్లీ పాతుకుందాం" అనేవారు ఆ పెద్దాయన.

మా అక్కకి తెలిసి ఇంటికొచ్చింది. "ఈ వయసులో ఇదేం పనే? చర్చిలో ఏమనుకుంటారు?"

"అనుకోనీ అక్కా. క్రిస్మస్‌కి పాటలవాళ్లందర్నీ లారీ ఎక్కించి నేనే తిప్పుతా."

కోపంగా వెళ్లిపోయింది. టెస్టు రోజున పొద్దున్నే ఫోన్ చేసి, నీకోసం ప్రార్థన చేశానని చెప్పింది.

ఆ టెస్టు తప్పాను. వెనక్కి తీయడంలోనే. అక్కడున్న నలుగురూ నవ్వారు. ఇంటికొచ్చి, ఇక చాలనుకుని అన్నం కూడా తినకుండా పడుకున్నాను. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆటోనగర్ షెడ్లన్నీ మూసున్నప్పుడు మా ఆయన నన్ను లారీ దగ్గరికి తీసుకెళ్లి, తను వెనక నిలబడి, "రానీ, రానీ, స్టీరింగు కొంచెం కోసుకో, రానీ!" అంటూ పొద్దుగూకేదాకా అరిచారు. గొంతు పోయింది. మరో రెండు ఆదివారాలు అదే పని. రెండోసారి టెస్టులో లారీని గీతల మధ్య పెట్టి దిగితే, పోయినసారి నవ్వినవాళ్లలో ఒకతను వచ్చి, "ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?" అని అడిగాడు.

ఓనరుగారికి చెప్పడానికి రెండు రోజులు తటపటాయించాను. నమ్మలేక లైసెన్సు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"మానేస్తున్నావా అయితే?"

"ఇంకా తేల్చుకోలేదండీ. రెండు మూడు ట్రిప్పులు వెళ్లి చూద్దామని. సెలవిస్తే..."

"వెళ్లిరామ్మా," అన్నారు. కిందున్న అమ్మాయిలందర్నీ పిలిచి చూపించారు. వాళ్లు ఫోన్లు తీసి నాతో ఫొటోలు దిగారు. ఆ కొట్లో నన్ను ఫొటో తీయడం అదే మొదటిసారి.

మొదటి ట్రిప్పు పోయిన నెలలో వెళ్లాం. కైకలూరులో పొద్దున్నే లోడయింది, శీలావతి, బొచ్చె చేపలు. రాజమండ్రి దాకా ఆయన నడిపి, గోదావరి దాటాక పక్కకి ఆపి దిగారు. నేను అటు తిరిగి వెళ్లి ఎక్కాను. వీపు వెనక దిండు సర్దుకున్నాను. వెనక అంత బరువుంటే లారీ నడకే వేరు. బ్రేకు వేద్దామని ఎంతో ముందే అనుకోవాలి. మొదట్లో ఆయన, "అద్దం చూడు, గేరు మార్చు, వాణ్ని పోనీ" అంటూనే ఉన్నారు. మెల్లగా మాటలు తగ్గాయి. అన్నవరం దాటేసరికి వినిపించడం మానేశాయి. తిరిగి చూస్తే, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. పగటిపూట ఆ మనిషి అంత నిశ్చింతగా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

తుని దాటాక ఆకలేసింది. భోజనం ఎక్కడ బాగుంటుందో ఆయనకే తెలుసు, లేపి అడుగుదామనుకున్నాను. లేపలేదు. చెట్ల నీడా, లారీ పెట్టుకోవడానికి చోటూ ఉన్న హోటలొకటి కనిపిస్తే, ఇండికేటరు వేసి అక్కడ ఆపాను.