నాంచారమ్మ తలూపింది

నాంచారమ్మకి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలిసేసరికి పిల్లకి రెండేళ్ళు దాటాయి. నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే రోడ్డులో, ఊరు అయిపోయి మామిడి తోటలు మొదలయ్యే చోట ఒక కాలనీ ఉంది. అక్కడే వాళ్ళ ఇల్లు. అమ్మా నాన్నా తోటల్లో కూలికి పోతూ పిల్లని కూడా తీసుకెళ్ళి చెట్టు కింద కూర్చోబెట్టేవాళ్ళు. ఒకరోజు వెనక నుంచి ట్రాక్టర్ ఎంత హారన్ కొట్టినా పిల్ల తిరిగి చూడలేదు. డ్రైవరు దిగొచ్చి నాలుగు తిట్లు తిట్టాడు. అతను తిడుతున్నా పిల్ల అతని మొహంలోకి చూసి నవ్వుతోంది. అప్పుడు అర్థమైంది తల్లికి.

చెవిటి పిల్లల బడిలో వేయమని ఎవరో చెప్పారు. అది హాస్టలు బడి, అంత దూరంలో వదిలి రావడానికి తల్లికి మనసొప్పలేదు. అందువల్ల నాంచారమ్మకి అక్షరాలూ రాలేదు, ఆ బడుల్లో నేర్పే సైగలూ రాలేదు. తిను, రా, పో, కొడతా. ఇంట్లోవాళ్ళు చేతులతో ఆమెకి చెప్పింది చాలాకాలం వరకు అంతే.

ఆమెతో కూర్చుని కబుర్లు చెప్పిన మొదటి మనిషి వదిన సుజాత. అన్న దుర్గాప్రసాద్‌ని పెళ్ళి చేసుకుని చింతలపూడి వైపు నుంచి కాపురానికి వచ్చేనాటికి సుజాత ఇంకా ఇరవై నిండని పిల్ల. అత్తగారింట్లో మాట కలపడానికి మొహమాటం. మాటలు రాని ఈ పన్నెండేళ్ళ ఆడపడుచు దగ్గర ఆ మొహమాటం లేదు. ఇద్దరూ పెరట్లో గిన్నెలు తోముకుంటూ చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సుజాత ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాయం మచ్చ ఉంది. నాంచారమ్మ తన కనుబొమ్మని వేలితో గీసుకుంటే "వదిన" అని. మీసం దువ్వితే అన్న. ముక్కు మీదికి కళ్ళజోడు తోసుకుంటే తోట యజమాని లక్ష్మీనరసింహారావు గారు. కొన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ నిన్న, రేపు, అబద్ధం, అసూయ, అన్నింటికీ సైగలు వచ్చేశాయి. నాంచారమ్మ వేళాకోళం చేస్తే తోటలో సుజాత ఒక్కతే పగలబడి నవ్వేది. తక్కినవాళ్ళు "ఏంటే, ఏమంటోంది?" అని అడిగేవాళ్ళు.

పరాయివాళ్ళతో మాత్రం నాంచారమ్మకి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏమడిగినా తలూపేది. అర్థం కానట్టు మొహం పెడితే అవతలివాళ్ళు ఇంకా దగ్గరికొచ్చి ఇంకా పెద్దగా నోరు తెరిచి అరుస్తారు, భుజం పట్టుకుని కుదుపుతారు. తలూపితే వదిలేసి వెళ్ళిపోతారు. అది ఆమె చిన్నప్పుడే నేర్చుకుంది.

చాట్రాయి దగ్గర నుంచి అప్పారావు సంబంధం వచ్చింది. తోటలకి మందు కొట్టే పనివాడు. నెమ్మదస్తుడు. పెళ్ళయ్యాక అతనే ఈ కాలనీకి వచ్చి, బావమరిది ఇంటి పక్కనే రేకుల ఇల్లు వేసుకున్నాడు. మొదటి కాన్పులో ఆడపిల్ల, స్వాతి. ఆ కాన్పు చేసిన ముసలి నర్సు సుజాతని లోపలే ఉండనిచ్చింది. "నువ్వుంటేనే నాకు సుఖంగా ఉందే" అంది కూడా. స్వాతికి వినపడుతుందని తెలిసిన రోజున నాంచారమ్మ పిల్ల చెవి దగ్గర గిన్నె మోగించడం, పిల్ల ఉలిక్కిపడితే మురిసిపోవడం, మళ్ళీ మోగించడం. చివరికి పిల్ల ఏడుపు మొదలెట్టింది.

రెండో కాన్పు నాటికి ఆ నర్సు లేదు. టౌన్లో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రికి వెళ్ళారు. ఆ ట్రస్టుకి పెద్ద లక్ష్మీనరసింహారావు గారే. శుభ్రంగా ఉంటుంది, ఖర్చు తక్కువ. కాలనీ ఆడవాళ్ళూ, మామిడి ప్యాకింగ్ షెడ్లలో పనికొచ్చిన ఒడిశా వాళ్ళూ అందరూ అక్కడికే పోతారు.

నొప్పులు మొదలయ్యాక పొద్దున్నే ఆటోలో తీసుకెళ్ళారు. కాన్పుల గది దగ్గర నర్సు షాలోమి సుజాతని ఆపింది.

"లోపలికి ఎవరూ రాకూడదమ్మా."

"ఆమెకి వినపడదండీ. మాటలు రావు. నేను పక్కనుంటే చాలు, మీరు చెప్పింది నేను చెప్తాను. ఏం ముట్టుకోనండీ."

"కొత్తగా పెట్టిన రూలమ్మా. ఒకళ్ళని రానిస్తే అందరూ వస్తారు. మేం చూసుకుంటాంగా."

నాంచారమ్మ వదిన చెయ్యి వదల్లేదు. షాలోమి ఆ వేళ్ళు మెల్లగా విడదీసి లోపలికి తీసుకెళ్ళింది. తలుపు మూసుకుంది.

లోపల జరిగింది సుజాతకి తర్వాత తర్వాత తెలిసింది. బిడ్డ గుండె సరిగా కొట్టుకోవడం లేదు. ఎడమ పక్కకి తిరగమన్నారు, ముక్కొద్దన్నారు, కదలొద్దన్నారు. అందరి మొహాలకీ మాస్కులు. పెదాలు కూడా కనపడని మొహాలు చూసి నాంచారమ్మ బెదిరిపోయి లేచి తలుపు వైపు పోబోయింది. ఇద్దరు కాళ్ళు పట్టుకున్నారు. ఎవరో తొడ మీద ఒకటి చరిచారు. ఈ పెనుగులాటలో చాలాసేపు పోయింది. చివరికి కడుపు కోసి బిడ్డని తీశారు. మగపిల్లాడు. సన్నగా ఏడ్చాడు. బాగానే ఉన్నాడనుకున్నారంతా. సాయంత్రానికి ఊపిరి అందడం మానేసింది. విజయవాడ పంపారు. మూడో రోజున అప్పారావు పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని తిరిగొచ్చాడు.

నాంచారమ్మ ఏడ్చింది. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే సుజాత వేడినీళ్ళ కాపడం పెట్టింది. రెండు నెలలకి తేరుకుని తోటకి వచ్చింది. ఆ పూతల కాలం గడిచి, కాయ దిగి, వానలు పడ్డాక ఒకరోజు వదిన దగ్గర కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, చేతుల్లో బిడ్డని ఊపినట్టు ఊపి, ఎప్పుడు అని అడిగింది. నెల నెలా అడిగింది. ఎంతకీ నెల తప్పకపోయేసరికి సుజాత ఆమెని అదే ఆసుపత్రికి పరీక్షకి తీసుకెళ్ళింది.

షాలోమి పాత కాగితాలు చూసి తలెత్తింది. "ఈమెకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందిగా. కాన్పుతోపాటే చేశారు. తెలీదా మీకు?"

"ఎవరు చేయమన్నారండీ?"

"ఆమేనమ్మా. నేనే అడిగాను. తలూపింది. వేలిముద్ర కూడా వేసింది."

ఆమె తలూపడం ఎలాంటిదో ఈవిడకి ఎలా చెప్పాలి? పక్కన నాంచారమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏంటి, ఏంటి అని మోచేత్తో పొడుస్తోంది. రేపు చెప్తానంది సుజాత.

రేపు కూడా చెప్పలేదు. వాళ్ళ భాషలో ఆ మాటకి సైగ లేదు. అప్పారావుకి, దుర్గాప్రసాద్‌కి నోటితో చెప్పేసింది. "నువ్వే చెప్పక్కా దానికి. నావల్ల కాదు" అన్నాడు అప్పారావు.

ప్యాకింగ్ షెడ్డులో పురికొస పడి ఉంటుంది. ఒక మధ్యాహ్నం సుజాత ఒక ముక్క తీసుకుంది. నాంచారమ్మ పొట్ట మీద కోత మచ్చని చీర పైనుంచే వేలితో గీసింది. లోపల, అని చూపించింది. పురికొసకి గట్టిగా ముడి వేసింది. బిడ్డని ఊపినట్టు ఊపి, అరచేయి అడ్డంగా తిప్పింది. ఇంక లేదు.

నాంచారమ్మ కాసేపు ఆ ముడినే చూసింది. తర్వాత దాన్ని లాక్కుని గోళ్ళతో విప్పడం మొదలుపెట్టింది. గోరు చిట్లింది. పంటితో పట్టి లాగింది. ముడి వీడిపోయింది. సాఫీ అయిన పురికొసని వదిన కళ్ళ ముందు పట్టుకుని, చూడు, విప్పొచ్చు కదా అన్నట్టు నిలబడింది. సుజాత తల అడ్డంగా ఊపింది. నాంచారమ్మ గొంతులోంచి ఎన్నడూ రానంత పెద్ద అరుపు వచ్చింది. షెడ్డులో పనిచేసేవాళ్ళంతా చేతుల్లో కాయలు కింద పెట్టేశారు.

పిల్లలు పుట్టేలా మళ్ళీ కలపొచ్చేమో అడుగుదామని ఒకసారి విజయవాడ వెళ్ళారు. అక్కడ కూడా పేషెంటుని మాత్రమే రమ్మన్నారు. తలుపు మూసుకోబోతుంటే నాంచారమ్మ దాన్ని తోసుకుని బయటికొచ్చి, మెట్లు దిగి, రోడ్డు మీదికి పోయింది. వెంటపడి పట్టుకున్న సుజాత చెయ్యి విదిలించేసింది. ఆ తర్వాత ఏ ఆసుపత్రి గేటూ దాటలేదు.

సుజాత తోటలో లక్ష్మీనరసింహారావు గారి కారుకి అడ్డం నిలబడి మొత్తం చెప్పింది. ఆయన కారు దిగి విన్నాడు. బాధపడ్డాడు కూడా.

"పాపం, అలా జరగకుండా ఉండాల్సింది. కానీ రూల్ అందరికీ ఒకటే కదమ్మా. ఒకరికో న్యాయం, ఒకరికో న్యాయం పెట్టలేం."

"అందరికీ ఒకటే ఎలా అవుతుందండీ? తక్కినవాళ్ళకి చెవులున్నాయి."

తల్లీబిడ్డలకి కొత్త బ్లాకు కడుతున్నామనీ, ఎలా ఉండాలో అడగడానికి ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ళతో మీటింగ్ పెడుతున్నామనీ, అక్కడికొచ్చి చెప్పమనీ అన్నాడాయన.

మీటింగ్ ఆదివారం పెట్టారు. నాంచారమ్మని తీసుకురావడానికి సుజాత రెండు రోజులు బతిమాలింది. ఆసుపత్రిలో కాదు, కల్యాణ మండపంలో అని చెప్పాక వచ్చింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి బాత్రూములు, తాగే నీళ్ళు, వెంట వచ్చినవాళ్ళు పడుకోవడానికి జాగా అడిగారు. ఒడిశా అమ్మాయి ఒకతె లేచి ఏదో అనబోయి, తెలుగు రాక కూర్చుంది. షాలోమి ముందు వరసలో కాగితం మీద అన్నీ రాసుకుంటోంది.

సుజాత లేచింది. "మా ఆడపడుచు చెప్తుందండీ. ఆమె చేతులతో చెప్పింది నేను నోటితో చెప్తాను."

నాంచారమ్మ లేచింది. చేతులు మొదలుపెట్టాక ఆగలేదు.

"మూతులు కట్టేసుకున్నారు" అని సుజాత చెప్తూ పోయింది. "కళ్ళు మాత్రమే కనపడ్డాయి. ఏం చేస్తారో తెలీదు. చంపుతారనుకున్నాను. కాళ్ళు పట్టుకున్నారు. కొట్టారు. వదిన కోసం వెతికాను. అప్పుడొకామె వచ్చింది." నాంచారమ్మ షాలోమిని చూపించింది. "ఈమె రెండు వేళ్ళు చూపించింది. తలుపు వైపు చూపించింది. నేను తలూపాను..."

సుజాత ఆగిపోయింది. నాంచారమ్మ చేతులు మాత్రం ఇంకా కదులుతున్నాయి. కనుబొమ్మని గీసుకుంటోంది, రెండు వేళ్ళు చూపిస్తోంది, తలుపు తెరుస్తోంది. సుజాత వద్దన్నట్టు చూసింది. నాంచారమ్మ ఆమె భుజం తట్టి, చెప్పు అంది.

"రెండు వేళ్ళంటే మేమిద్దరం అనుకుందంటండీ. నేనూ, ఆమే. మీ వదినని లోపలికి తీసుకురమ్మంటావా అని అడుగుతున్నారనుకుందంట. అందుకని తలూపిందంట. గట్టిగా చాలాసార్లు ఊపిందంట, తొందరగా తెస్తారని."

షాలోమి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మొహం చేతుల్లో దాచుకుంది. "ఇద్దరు పిల్లలు చాలా అని అడిగాను" అంది, ఎవరితోనో తెలీకుండా. "మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా అని తలుపు వైపు చూపించాను. అంత గట్టిగా ఊపితే నిజంగానే కావాలేమో అనుకున్నానమ్మా."

లక్ష్మీనరసింహారావు గారు ఆ రోజే మైకులో చెప్పాడు. వినపడనివాళ్ళకి, తెలుగు రానివాళ్ళకి, ఒంటరిగా భయపడేవాళ్ళకి తోడుగా ఒక మనిషిని కాన్పు గదిలోకి రానిస్తారు. ఆ మనిషి ద్వారా అడిగి, అర్థమైందని తేల్చుకున్నాకే వేలిముద్ర తీసుకుంటారు. చప్పట్లు కొట్టారు. నాంచారమ్మకి చప్పట్లు వినపడవు. జనం చేతులు కదలడం చూసి, అయిపోయిందా, ఇంటికి పోదామా అని అడిగింది.

ఆ మాట గోడ మీద రాయించారు. అయినా వాచ్‌మన్ మారినప్పుడల్లా మళ్ళీ ఆపేస్తారు. షాలోమి డ్యూటీలో ఉంటే బయటికొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది, లేకపోతే లేదు. ఒడిశా ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు తమ మనిషిని పక్కన పెట్టుకుని కన్నారు. ఇంకొకతె ఒంటరిగా కంది. కొత్త బ్లాకు పునాదుల దగ్గరే ఉంది.

పోయిన వేసవిలో నాంచారమ్మకి జ్వరం పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతున్నా నొప్పి లేదంటూ వల కట్టిన చిక్కం కర్ర పట్టుకుని కాయ దించుతూనే ఉంది. వదిన దగ్గర కూడా దాచింది. సుజాతకి అన్నింటికంటే కష్టం వేసింది అక్కడే. పడిపోయాక అప్పారావు ఎత్తుకొచ్చి మంచం మీద వేశాడు. ఆటో పిలుస్తుంటే చూసి, మంచం పట్టె పట్టుకుని వదల్లేదు.

సుజాత వెళ్ళి షాలోమిని తీసుకొచ్చింది. షాలోమి యూనిఫాం లేకుండా మామూలు చీరలో వచ్చి, వాకిట్లోనే చెప్పులు విడిచి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. మొహం పూర్తిగా కనపడేటట్టు వంగి, నెమ్మదిగా రెండు చేతులూ జోడించింది. నాంచారమ్మ ఆమెని గుర్తుపట్టి గోడ వైపు తిరిగిపోయింది.

షాలోమి చాలాసేపు కూర్చుంది. తర్వాత సూది ఎలా గుచ్చాలో, మాత్రలు ఏ పూట ఏవి వేయాలో సుజాతకి చెప్పడం మొదలుపెట్టింది. పరీక్షకి రక్తం కూడా సుజాత చేతే తీయించింది. వేలి మీద చిన్న గాటు, అంతే. సుజాత ఎందుకో చెప్పి, చూపించి, ఒప్పించేసరికి మధ్యాహ్నం అయింది. నాంచారమ్మ తలూపలేదు. వేలు మాత్రం ఇచ్చింది.