చెయ్యి ఊపిన మూట

"మూటనా? కట్టుకున్న పెండ్లాన్ని పట్టుకొని బట్టల మూట అంటవా?"

"మరేమనాలె? నా పెండ్లామే సాబ్ అంటే గక్కడనే తాళంచెవి గుంజుకుంటుండె. నౌకరి పోతే ఏం తింటవ్, నీ వడియాలా?"

"వడియాల జోలికి రాకు. నేను జల్దీ పోనియ్యి అన్న గని, బజార్ల కోళ్లు ఎగిరేటట్టు పోనియ్యమన్ననా?"

"అన్నవ్! సీటు మీద గుద్దుకుంట మరీ అన్నవ్!"

(అన్నాను. ఆనాడు మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎదురు మాట్లాడడానికి ఆయన లేరు గనుక ఒప్పుకుంటే నష్టం లేదు.)

ఆ రోజుల్లో సంగారెడ్డిలో కారు పోతుందంటే వంట చేసే ఆడవాళ్లు కూడా గరిటె పట్టుకొని వాకిట్లోకి వచ్చేవారు. మా ఇంటాయన పల్లీనూనె మిల్లు కంపెనీ కారుకు డ్రైవరు. ఆ నల్ల కారును ఆయన ఎంత ముద్దుగా తుడిచేవారంటే, నాకు అది సవతిలాగే కనిపించేది. కంపెనీ మనుషులు తప్ప వేరే ఎవరూ అందులో ఎక్కవద్దని మేనేజరు హుకుం. ఆ హుకుం నాకు తెలుసు. తెలిసీ ఎక్కాను. కర్దనూరులో మా తల్లిగారింటికి పోయి, తిరుగు బస్సు కోసం పటాన్‌చెరు దగ్గర సడక్ మీద నిలబడితే, మేనేజరును హైదరాబాదులో దింపి ఖాళీ కారుతో మా ఆయనే వచ్చారు. ఎట్లాగూ మనూరికే పోయే కారు, ఖాళీగా పోవడం దండుగ కాదా? నాకు దండుగ అంటే చిన్నప్పటి నుంచీ పడదు.

ఎక్కి కూర్చోగానే ముందర సంగారెడ్డి దిక్కు చూశాను. ఆకాశం కాటుక పూసినట్టు నల్లగా ఉంది. మిద్దె మీద పాత ధోతి పరిచి, అంతకు ముందురోజు పెట్టిన గుమ్మడి వడియాలు ఎండబెట్టి వచ్చాను. ఇంట్లో మేమిద్దరమే, తాళం వేసి ఉంది. నానబెట్టి, రుబ్బి, నడుములు పడిపోయేటట్టు పెట్టిన వడియాలు వాన పాలైతే ఎట్లా? "జల్దీ, జల్దీ" అని సీటు మీద గుద్దాను. అది చాలదన్నట్టు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, ఎద్దును అదిలించినట్టు ముందుకు ఊపాను. (కారు దానితో వేగంగా పోదని నాకు ఎవరూ చెప్పలేదు. నా చదువు రెండో తరగతి దగ్గరే ఆగింది.) పటాన్‌చెరు బజారులో ఒక పోలీసు జవాను నిలబడి మమ్మల్ని చూడనే చూశాడు.

పది రోజులకు నోటీసు వచ్చింది. కంపెనీ కారు గనుక మా ఇంటికి రాలేదు, మేనేజరు బంగళాకు వచ్చింది. మేనేజరు లేనప్పుడు ఆయన భార్య, మేమందరం దొరసాని అనే ఆమె, విప్పి చదువుకుంది. కాయితం ఉర్దూలో ఉంది, ఆమెకు ఉర్దూ బాగా వచ్చు. బజారులో మోటరు మితిమీరిన వేగంతో పోయిందనీ, వెనుక సీట్లో ఒక ఆడమనిషి చెయ్యి ఊపుతూ ఉన్నదనీ అందులో రాశారు. ఇంకేముంది! "కార్ల ఎవరిని తిప్పుతున్నవ్?" అని ఆమె మేనేజరును పట్టుకుంది. మేనేజరు మా ఆయనను పట్టుకున్నాడు. మా ఆయన భయపడి, "ఆడమనిషి కాదు సాబ్, బట్టల మూట" అన్నారు. "మూట చెయ్యి ఊపుతదా? రేపు పొద్దుగాల వరకు నిజం చెప్పు, లేకుంటే తాళంచెవి బల్ల మీద పెట్టి పో" అన్నాడట మేనేజరు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన కొట్లాటనే మొదట చెప్పింది.

కొట్లాట నడుమ ఆయన నోరు జారి ఇంకో మాట అన్నారు. "దొరసాని దొరకు నిన్నటి సంది బువ్వ గూడ పెడ్తలేదంట."

"మరి వండిన బువ్వంతా ఏం చేస్తున్నది? పారబోస్తున్నదా?" అని లేచాను.

అక్కడే తేలిపోయింది, నిజం నేనే పోయి చెప్పాలని. పొద్దు గుంకకముందే వడియాలు చాటలో పోసుకొని బంగళాకు నడిచాను. "పోకు, నా నౌకరి ముంచకు" అనుకుంటూ ఆయన వెనుకే వచ్చారు.

దొరసాని అరుగు మీద మూతి ముడుచుకొని కూర్చుంది. మేనేజరు స్తంభం చాటున ఉన్నాడు.

"అమ్మా, ఆ మూట నేనే" అన్నాను.

"ఏ మూటే?"

"చెయ్యి ఊపిన మూట. ఇగో చూడుండ్రి, ఈ వడియాల మీద గుంటలు. వాన సినుకులు. ఇంకింత జల్దీ పోనిస్తే ఇవి గూడ పడకపోతుండె."

"ఇంకింత జల్దీనా!" అన్నాడు స్తంభం చాటు మేనేజరు.

దొరసాని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చెయ్యి ఎట్ల ఊపినవో ఒకసారి ఊపు."

ఊపాను. ఉన్నదే చూపించాలి గదా, "హో, హో" అని కూడా అన్నాను. మా ఆయన తల పట్టుకున్నారు. దొరసాని కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. లోపలికి పోయి నాలుగు వడియాలు వేయించి, వాటితోనే మేనేజరుకు అన్నం పెట్టింది. ఆయన తినుకుంటూనే మా ఆయనతో అన్నాడు. "నోటీసుకు నువ్వే పోయి జవాబు చెప్పుకో. నౌకరి ఉంచుతున్న. కని ఇగ ఈమె మల్ల కారెక్కిందా, సూడు!"

తిరిగి ఇంటికి వచ్చాక గడప దగ్గర మా ఆయన, "నిన్ను మూట అన్నది నిజమే. ముడి విప్పితే అన్నీ బయట పడతయి" అన్నారు.

ఇప్పుడు మనుమడి కారులో పోతుంటే, "నానమ్మా, చెయ్యి లోపల పెట్టు" అని వాడు గదమాయిస్తాడు. పెడతాను. కళ్లు మాత్రం మబ్బుల మీదికే పోతాయి. మిద్దె మీద ఏమీ ఎండబెట్టక ఏళ్లయిందని ఈ ముసలి కళ్లకు ఎన్నిసార్లు చెప్పినా వినవు.

బంగళాకు పోయి వచ్చిన మరునాడు పొద్దున్నే నల్ల కారు వచ్చి మా వాకిట్లో ఆగింది. మా ఆయన దిగి, వెనుక తలుపు తీశారు. నేను ఎక్కకూడని సీటులో రెండు బూడిద గుమ్మడికాయలు దర్జాగా కూర్చుని ఉన్నాయి. దొరసాని పంపిందట, వడియాలు పెట్టి ఇయ్యమని. ఆయన వాటిని ఒక్కొక్కటిగా దించి అరుగు మీద పెట్టి, సీటు తుడుచుకొని, మెల్లగా నడుపుకుంటూ పోయారు. నేను ఆకాశం ఒకసారి చూసి, పప్పు నానబోశాను.